ఎనిమిది వాట్లకు తగిన స్పీకర్లు

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో తిరుపతి పాత వీధుల్లో మైక్‌సెట్టువాళ్లు వేపచెట్టుకో, డాబా పిట్టగోడకో గొట్టం స్పీకర్ కడతారు. ఒక మనిషి అవలీలగా ఎత్తగలిగే బరువు. దానికి వెళ్లే వాట్లు కూడా మరీ ఎక్కువేం కావు. అయినా పాట మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. అవే వాట్లు హాల్లో నిలబెట్టిన నాలుగడుగుల ఖరీదైన టవర్ స్పీకర్‌కిస్తే పక్క ఇంటివాళ్లు కూడా తలతిప్పి చూడరు. ఇది నాణ్యతలో తేడా కాదు. నాణ్యత మాటకొస్తే గొట్టం స్పీకర్‌లో పాడుతున్నది ఎవరో పోల్చుకోవడమే కష్టం. అందిన కరెంటులో ఎంత భాగాన్ని శబ్దంగా మారుస్తాయన్న దగ్గరే తేడా అంతా.

వాల్వు యాంప్లిఫయర్ కొన్నవాళ్లకు, కొనాలనుకుంటున్నవాళ్లకు ముందుగా అర్థం కావలసింది ఇదే. (ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే. పాత రేడియోలు చూసినవాళ్ల నోట వాల్వు అనే వస్తుంది.) సాధారణంగా జరిగేది ఏమిటంటే, చీకట్లో నిప్పు కణికల్లా వెలిగే ఆ గాజు బుడ్లకు మనసు పారేసుకుని ముందు యాంప్ కొనేస్తారు. తర్వాత దానికి సరిపడే స్పీకర్ల కోసం తిరుగుతారు. వరస తిరగబడిందన్నమాట. గది చూసి స్పీకర్, స్పీకర్ చూసి యాంప్ కొంటే సగం టెన్షన్ తగ్గుతుంది, డబ్బూ మిగులుతుంది.

స్పీకర్‌కి ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో అదే దాని సెన్సిటివిటీ. ఇప్పుడు దొరికే టవర్ స్పీకర్లు చాలావరకు 86 నుంచి 90 మధ్య ఉంటాయి. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పది రెట్లు కావాలి. 88 డెసిబెల్స్ స్పీకర్ ఒకటి, 97 డెసిబెల్స్‌ది ఒకటి పక్కపక్కన ఉన్నాయనుకుందాం. తేడా 9. అంటే మూడుసార్లు రెట్టింపు, మొత్తం ఎనిమిది రెట్లు. రెండో స్పీకర్ 8 వాట్లతో చేసే పనిని మొదటిది చెయ్యాలంటే 64 వాట్లు పెట్టాలి. వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లతో నడిచే యాంప్‌లో 64 వాట్లంటే పెద్ద లెక్కేం కాదు. వాల్వుల్లో అలా కాదు. సింగిల్ ఎండెడ్ పద్ధతిలో (పనంతా ఒకే వాల్వు చేస్తుంది) ఒక 300బి వాల్వు ఇచ్చేది సుమారు 8 వాట్లు, 2ఎ3 అయితే మూడున్నర. పుష్‌పుల్ పద్ధతిలో (రెండు వాల్వులు పని పంచుకుంటాయి) ఒక జత ఈఎల్84లు పది పదిహేను, ఈఎల్34లు సుమారు 35, కేటీ88లు 50 చుట్టుపక్కల ఇస్తాయి. ఆపైన ఒక్కో వాట్ పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ల బరువు, వేడి, ధర అన్నీ పెరుగుతాయి.

అలాగని 8 వాట్లు చాలా తక్కువని భయపడనక్కర్లేదు. మామూలు హాల్లో మూడు మీటర్ల దూరాన కూర్చుని వింటే 88 డెసిబెల్స్ స్పీకర్ల జత ఒక్కో వాట్‌తో 85 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. ఇంట్లో హాయిగా వినేది 75, 80 మధ్య. అంటే ఎక్కువ సేపు పాట నడిచేది అర వాట్ లోపే. చిక్కంతా ఉన్నట్టుండి లేచే దెబ్బలతో. మృదంగం మీద ఒక గట్టి దెబ్బ, తని ఆవర్తనం (కచేరీలో లయవాద్యాలే మోగే భాగం) చివర్లో మోరా, ఇవి పాట సగటు స్థాయికి 15 డెసిబెల్స్ పైన లేస్తాయి. 95 దగ్గరకు వచ్చేసరికి ఆ స్పీకర్‌కి 10 వాట్లు కావాలి. యాంప్ దగ్గర ఉన్నది 8. ఇక్కడ వాల్వుకున్న మంచి గుణం ఒకటి ఆదుకుంటుంది. ఓవర్‌లోడ్ అయినప్పుడు ట్రాన్సిస్టర్‌లా ధ్వని అంచుని కత్తిరించినట్టు కోసేయదు, గుండ్రంగా నొక్కుతుంది. చెవికి చప్పున తెలియదు. "వాల్వు వాట్ రెండు ట్రాన్సిస్టర్ వాట్లతో సమానం" అనే మాట పుట్టింది ఇందువల్లే. వాట్ వాటే, దాంట్లో రెండో రకం లేదు. నొక్కుకుపోయిన దెబ్బ చెవికి గుచ్చుకోదు గానీ దెబ్బ పూర్తిగా మాత్రం రాదు.

కంపెనీ కాగితం మీది డెసిబెల్స్‌ని కూడా కొంచెం తట్టి చూసుకోవాలి. చాలామంది ఒక వాట్ బదులు 2.83 వోల్టులిచ్చి కొలుస్తారు. ఓమ్ అంటే స్పీకర్ కరెంటుకి పెట్టే అడ్డు ఎంతో చెప్పే కొలత. 8 ఓమ్ స్పీకర్‌కి 2.83 వోల్టులిస్తే సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్ స్పీకర్‌కి అవే వోల్టులిస్తే రెండు వాట్లు వెళ్తాయి. అందువల్ల కాగితం మీద 91 కనిపించినా వాట్ లెక్కన అది 88. తూకం వేసేటప్పుడు తక్కెడ మీద వేలు పెట్టడం లాంటిదే ఇది, కాకపోతే కింద చిన్న అక్షరాల్లో రాసి మరీ పెడతారు. ఇంకొందరు గది గోడల సాయం కూడా కలిపి లెక్క చెబుతారు. స్వతంత్రంగా కొలిచినవాళ్ల అంకెలు నాలుగైదు డెసిబెల్స్ తక్కువ రావడం కొత్తేమీ కాదు.

వాల్వులకు సరిపడే స్పీకర్లు ఇంత అరుదైపోవడానికి వెనక చరిత్ర ఉంది. సినిమాలకు మాట వచ్చిన కొత్తలో యాంప్లిఫయర్లు ఇచ్చేది కొద్ది వాట్లే. అంతతో థియేటర్ అంతా నింపాలి కాబట్టి తెర వెనక తలుపులంత హార్న్ (గొట్టం) స్పీకర్లు పెట్టేవారు. మన పల్లెల్లో డేరా వేసిన టూరింగ్ టాకీసులూ అదే కిటుకుతో నడిచాయి. అమెరికాలో పాల్ క్లిప్ష్ గది మూలనే హార్న్‌లో భాగం చేసుకునే స్పీకర్‌ని 1946 నుంచి అమ్మకానికి పెట్టాడు. తర్వాత 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీసి చూపించాడు. ఏఆర్-1 అనే ఆ స్పీకర్ వాట్లను బాగా మింగేది, కానీ అల్మారాలో ఇమిడిపోయేది. 60లలో ట్రాన్సిస్టర్లొచ్చి వాట్లు చవకయ్యాక ఇక మింగడం గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ షోరూముల్లో కనిపించే సన్నటి టవర్లన్నీ ఆ చవక వాట్ల వారసులే. వాటిని చెడ్డవనడానికి లేదు, కాకపోతే వాల్వుల్ని మనసులో పెట్టుకుని చేసినవి కావు.

సెన్సిటివిటీ గురించి అందరూ మాట్లాడతారు. దానికంటే ముఖ్యమైంది, తక్కువమంది అడిగేది ఇంపెడెన్స్, అంటే ఓమ్‌లలో చెప్పే ఆ అడ్డే. స్పీకర్ వెనక 8 ఓమ్ అని రాసి ఉంటుంది. అది తిరుమల ఘాట్ రోడ్డుకి సగటు వాలు ఇంత అని చెప్పడం లాంటిది. సగటు తెలిసినంత మాత్రాన బండి ఎక్కడ మొరాయిస్తుందో తెలియదు. ఏ మలుపు దగ్గర ఎంత నిటారుగా ఉందో చూడాలి. స్పీకర్ ఇంపెడెన్స్ కూడా ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది. 8 అని రాసిన స్పీకర్ 60 హెర్ట్జ్ దగ్గర 20కి లేచి, 150 దగ్గర 3.5కి పడి, 2,000 దగ్గర మళ్లీ 15కి ఎక్కవచ్చు. ట్రాన్సిస్టర్ యాంప్‌కి ఈ ఎగుడుదిగుళ్లు పట్టవు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్‌లోనే ఉండే అడ్డు, ఓమ్‌లో చిన్న వంతు మాత్రమే. వాల్వు యాంప్‌కి, అందులోనూ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి సరిదిద్దుకునే ఏర్పాటు) వాడని సింగిల్ ఎండెడ్ యాంప్‌కి, అది 2 ఓమ్‌ల దాకా ఉండొచ్చు.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. యాంప్‌లో 2 ఓమ్‌లు, స్పీకర్‌లో 20 ఓమ్‌లు ఉన్న చోట, వచ్చిన వోల్టేజీలో 22కి 20 వంతులు స్పీకర్‌కి చేరతాయి. స్పీకర్ 4 ఓమ్‌లకు పడ్డ చోట 6కి 4 వంతులే చేరతాయి. ఆ రెండు చోట్ల మధ్య తేడా సుమారు 2.7 డెసిబెల్స్. అంటే ఎవరూ ముట్టుకోకుండానే ట్రెబుల్, బేస్ మీటలు తిప్పేసినట్టు. గొంతు కొన్ని స్వరాల దగ్గర ముందుకొస్తుంది, కొన్ని చోట్ల వెనక్కి జారుతుంది. అదే స్పీకర్‌ని 0.05 ఓమ్ ట్రాన్సిస్టర్ యాంప్‌తో నడిపితే తేడా డెసిబెల్‌లో పదో వంతు కూడా రాదు. "వాల్వు వెచ్చదనం" అని జనం మురిసిపోయేదాంట్లో కొంత నిజంగా వాల్వుది, కొంత ఈ లెక్కది. ఒక ఇంట్లో అద్భుతంగా పలికిన యాంప్ ఇంకో ఇంట్లో ముక్కుతో పాడినట్టు ఉండటానికి కారణమూ ఇదే.

కాబట్టి వాల్వుకి కావలసింది ఇంపెడెన్స్ గీత వీలైనంత చదునుగా ఉన్న స్పీకర్. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కంటే ఎక్కడా కిందికి పడకూడదు. అంటే 8 ఓమ్ అని రాస్తే 6.4 దిగకూడదు. ఆ నియమం ఎన్ని కంపెనీలు పాటిస్తాయన్నది వేరే కథ. "8 ఓమ్‌లకు కంపాటిబుల్" అని తప్పించుకునే మాట కనిపిస్తే అక్కడ 4 ఓమ్ స్పీకర్ దాక్కుందని అనుకోవచ్చు. కొలతలతో రివ్యూలు రాసే పత్రికలు ఈ గీతను అచ్చువేస్తాయి. అమెరికాలోని స్టీరియోఫైల్‌లో జాన్ ఆట్కిన్సన్ ఏళ్ల తరబడి చేసిన పని అదే. గీత దొరక్కపోతే షాపులోనే మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు. అసలైన 8 ఓమ్ స్పీకర్ ఆరు చుట్టూ, 4 ఓమ్‌ది మూడు చుట్టూ చూపిస్తుంది. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. మీటర్ చూపేది డీసీ నిరోధం మాత్రమే, అయినా ఆ పూటకి అంత చాలు.

పెట్టెలో శబ్దం పుట్టించే డ్రైవర్లను లెక్కపెట్టడం కూడా పనికొస్తుంది. ముందువైపు మూడు వూఫర్లు (బేస్ డ్రైవర్లు) వరసగా కనిపిస్తే కొనేవాడి కన్ను మెరుస్తుంది. వాటిని సమాంతరంగా కలిపారంటే ఇంపెడెన్స్ పడిపోతుంది. బేస్‌నీ ట్రెబుల్‌నీ విడదీసి డ్రైవర్లకు పంచే క్రాసోవర్‌లో భాగాలు పెరిగేకొద్దీ గీత ఇంకా వంకర్లు పోతుంది. పెద్ద కాగితపు కోన్ ఒకటి, దాని పైన ట్రెబుల్‌కి ట్వీటర్ ఒకటి, మధ్యలో సాదా క్రాసోవర్. చూపుకి పాతకాలంగా ఉంటుంది గానీ వాల్వుకి ఆ కాపురమే సుఖం. గంతకు తగ్గ బొంత అంటే ఇదే.

ఓమ్‌ల బలం ఎంతో చెప్పే తమాషా ఉదాహరణ బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఎ. అది నేల మీద నిలబడే స్పీకర్ కాదు, చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దది. సెన్సిటివిటీ 82, 83 మాత్రమే. అంకెలు చూస్తే వాల్వుకి పనికిరాదనాలి. కానీ 70లలో వచ్చిన మొదటి రకం ఇంపెడెన్స్ 15 ఓమ్‌లు. చిన్న గదిలో, చిన్న వాల్వు యాంప్‌తో, తక్కువ శబ్దంలో దానితో దశాబ్దాలుగా తృప్తిగా వింటున్నవాళ్లున్నారు.

పెద్ద స్పీకర్ల విషయంలో తప్పించుకోలేని బేరం ఒకటుంది. ఆ రంగంలో దాన్ని హాఫ్‌మన్ ఉక్కు సూత్రం అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, వీటిలో ఏవైనా రెండే దొరుకుతాయి. క్లిప్ష్ కంపెనీ స్పీకర్ హెరెసీకి వాళ్లు చెప్పే లెక్క 99 డెసిబెల్స్, పెట్టె మోస్తరుగా ఉంటుంది, కానీ లోతైన బేస్ ఉండదు. అదే కంపెనీ కార్న్‌వాల్‌లో బేస్ ఉంటుంది, పెట్టె బీరువాకి తమ్ముడు. డెవోర్ ఫిడెలిటీ ఓ/96 సెన్సిటివిటీ పేరులోనే ఉంది, ఇంపెడెన్స్ 10 ఓమ్‌లంటారు, వెడల్పు మాత్రం ఈ కాలపు టవర్లలా ఉండదు. కొచ్చిలోని రెథమ్ కంపెనీ ఈ బేరాన్ని ఇంకో రకంగా తెంచింది. పైన దాదాపు అన్ని స్వరాలూ ఒక్కటే పలికే వైడ్‌బ్యాండ్ డ్రైవర్‌ని బయటి చిన్న యాంప్ నడుపుతుంది, బేస్‌కి స్పీకర్‌లోనే వేరే యాంప్ ఉంటుంది. వాల్వు మీద బరువంతా దింపేసినట్టే. మన దక్షిణాదిలోనే ఇలాంటి పని జరుగుతోందని తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఒకప్పుడు తయారుచేసిన ఈఎల్84, ఈసీసీ83 వాల్వులు ఇవాళ విదేశాల్లో వెతికి కొంటున్నారని తెలియనట్టే.

ఇక మన గదులు. తిరుపతిలోనో చిత్తూరులోనో కొత్త అపార్ట్‌మెంట్ తీసుకుంటే, పాట వినడానికి మిగిలే గది పది బై పన్నెండు. స్లాబ్ ఎత్తు కూడా సుమారు పది. ఈ పది పది దగ్గరే తంటా. గది వెడల్పు పదడుగులైతే ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడి మోగుతుంది. ఎత్తూ పదే కాబట్టి నేలకీ స్లాబుకీ మధ్య కూడా అదే 56. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇంటి చుట్టూ ఇటుక, సిమెంటు, కింద గ్రానైటో టైల్సో. చెక్క గోడల ఇళ్లలో అయితే బేస్ కొంత బయటికి జారిపోతుంది, మన దగ్గర ఎక్కడికీ పోదు. దానికి వాల్వు యాంప్ పట్టు తక్కువగా ఉండటం తోడైతే, బేస్ నోటు మొదలవడం తెలుస్తుంది గానీ ఎప్పుడు ఆగిందో తెలియదు. అందుకే ఇలాంటి గదికి 30 హెర్ట్జ్ దాకా దిగే మహా టవర్ కంటే, 45 దగ్గర మర్యాదగా ఆగిపోయే స్పీకరే మేలు. వెనక పోర్ట్ (బేస్ గాలి బయటికొచ్చే రంధ్రం) ఉన్నవి గోడకి రెండడుగులైనా దూరం ఉండాలి. అంత జాగా లేకపోతే ముందు పోర్ట్ ఉన్నవో, పూర్తిగా మూసిన పెట్టెలో చూసుకోవాలి. ఇప్పటికే కొనేసినవాళ్లు పాత నూలు తువ్వాలు చుట్టి పోర్ట్‌లో పెట్టి చూడొచ్చు. గుబగుబ తగ్గుతుంది, బల్లులూ దూరవు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే అదీ స్పీకర్ ఎంపికనే తిప్పుతుంది. కేటీ88 యాంప్ గోడ నుంచి 200 వాట్లకు పైగా లాగుతుంది, పాట ఆగినా దాదాపు అంతే. అదంతా చివరికి గదిలో వేడే. 40 డిగ్రీలు దాటే రేణిగుంట ఎండల్లో ఆ యాంప్ పక్కన ఎవరు కూర్చుంటారు? సీలింగ్ ఫ్యాన్ వేస్తే తంబురా నాదం రెక్కల చప్పుడులో కలిసిపోతుంది. సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్ ఎంచుకుంటే ఈఎల్84 యాంప్‌తో సరిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది. కానీ ఆ వైపూ మరీ దూరం పోకూడదు. 100 దాటిన స్పీకర్లు యాంప్‌లోని ప్రతి గుసగుసనీ వినిపిస్తాయి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అక్కడ పాటకంటే ముందు జుమ్మని తుమ్మెద పాడుతుంది. చవక ఇన్వర్టర్ మీద నడిస్తే ఆ తుమ్మెదకి తోడు ఇంకోటి. 92 నుంచి 97 లోపు, 8 ఓమ్‌లు, చదునైన గీత. మన ఇళ్లకు వాల్వు స్పీకర్ అంటే సుమారుగా ఇదీ.

తిరుపతిలో ఇలాంటివి విని కొనే వీలు తక్కువ. చెన్నై వెళ్లాలి, చిత్తూరువాళ్లకు బెంగళూరూ ఒకటే దూరం అనుకోవచ్చు. షాపులో స్పీకర్లను ట్రాన్సిస్టర్ యాంప్‌తో వినిపిస్తారు. ఆ వినికిడితో నిర్ణయం తీసుకోవద్దు. ఇరవై కిలోల సొంత యాంప్‌ని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మోసుకెళ్లడం పిచ్చిగానే కనిపిస్తుంది, కానీ లక్షల బేరంలో అది చిన్న పిచ్చి. ముందే ఫోన్ చేసి వాల్వు యాంప్‌తో వినిపించమంటే కొందరు ఏర్పాటు చేస్తారు. పాత స్పీకర్లు తీసుకునేవాళ్లు గ్రిల్ ఊడదీసి కోన్ చుట్టూ అంచు వేలితో నొక్కి చూడాలి. ఫోమ్ అంచు ఏళ్లు గడిస్తే పొడై రాలిపోతుంది. గుడ్డ అంచు, రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతాయి.

ఏం పెట్టి వినాలన్నది ఇంకో ప్రశ్న. షాపువాళ్లు పెట్టేది ఎప్పుడూ పళ్లెం రాల్చినట్టుండే ట్రెబుల్, నేల అదిరే డ్రమ్ము. మనం ఇంట్లో వినేది అన్నమయ్య కీర్తనలైతే వాటినే పట్టుకెళ్లాలి. ముందు ఒట్టి తంబురా. నాలుగు తీగల మీద ఉపస్వరాలు ఒకదాని మీద ఒకటి పొరలుగా లేస్తుంటే, స్పీకర్ గీత వంకరగా ఉన్న చోట ఒక పొర బయటికి పొడుచుకొస్తుంది. తర్వాత మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి. తడి రవ్వ ముద్ద అద్దిన ఆ చర్మం నుంచి వచ్చే గుమికికి ఒక వంపు ఉంటుంది. అరచేయి జారిన దారి చెవికి తెలియాలి. ఉట్టి "బూ" అని వినిపిస్తే యాంప్ ఆ వూఫర్‌ని పట్టుకోలేకపోతోందని అర్థం. చివరగా నాదస్వరం, డోలు. దీనికి మాత్రం ముందు చెవిని సరిచేసుకోవాలి. మహతి ఆడిటోరియంలో విన్నా, తిరుమల నాదనీరాజనంలో విన్నా చెవికి చేరేది మైకు గుండా వచ్చిన ధ్వనే, అంటే అదీ ఏదో ఒక స్పీకరే. యంత్రం ఏదీ అడ్డం రాకుండా వినాలంటే గోవిందరాజస్వామి ఉత్సవం వీధిలోకి వచ్చినప్పుడు ముందు నడిచే మేళానికి పది అడుగుల దూరంలో నిలబడాలి. ఆ గట్టితనం ఏ 8 వాట్లకూ ఇంట్లో రాదు. ఆ మెరుపులో వందో వంతయినా చెవిని గీరకుండా ఏ స్పీకర్ ఇస్తుందో అది ఇంటికి రావచ్చు.

ఇంటికి తెచ్చాక యాంప్ వెనక 4, 8 అని రెండు రకాల టెర్మినల్స్ ఉంటాయి. 8 ఓమ్ స్పీకర్ అని 8కే కట్టి వదిలేయక్కర్లేదు. 4కి కట్టి రెండు రోజులు వినాలి. వాట్లు కొంచెం తగ్గుతాయి, కానీ యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా సగానికి దగ్గరగా పడుతుంది, బేస్ బిగుస్తుంది. చాలా ఇళ్లలో అదే నచ్చుతుంది. అయితే తీగలు మార్చే ముందు యాంప్ ఆపి తీరాలి, స్పీకర్లు కట్టకుండా మళ్లీ ఆన్ చెయ్యకూడదు. ట్రాన్సిస్టర్‌కి స్పీకర్ లేకపోయినా ఏం కాదు. వాల్వు యాంప్‌లో స్పీకర్ లేకుండా పాట వెళ్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగదన్ని లోపల ఇన్సులేషన్ కాలిపోవచ్చు. దాన్ని మళ్లీ చుట్టించడానికి సరైన మనిషిని వెతకడమే ఒక పెద్ద పని.